బొంతకు కుట్లు ఎంత దగ్గరగా వేయాలి?

పాత నూలు చీరలతో బొంత కుట్టేటప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది రంగులు కాదు, వరుసకీ వరుసకీ మధ్య ఎంత ఎడం వదలాలన్నదే. చంటిపిల్లల బొంతకైతే సందేహమే లేదు, రోజూ ఉతకాలి, పిండాలి, కాబట్టి వేలి వెడల్పు కూడా వదలను. పెద్దవాళ్లు కప్పుకునేదానికి మాత్రం అంత దగ్గర వద్దు, ఎందుకంటే కుట్లు పెరిగేకొద్దీ బట్ట బిరుసెక్కి అట్టలా నిలబడుతుంది, పొరల మధ్య గాలి తగ్గి వెచ్చదనమూ కొంత పోతుంది. అలాగని మరీ ఎడంగా వేస్తే లోపలి చీర ఉతికినప్పుడల్లా జరిగి ఒక మూల ముద్దకడుతుంది. మధ్యలో దూది పరిస్తే ఇంకా దగ్గరగా కుట్టాలి. ఒకవైపు దట్టంగా, ఇంకోవైపు పలచగా కుట్టడం నాకు అస్సలు నచ్చదు, దట్టంగా ఉన్నవైపు బట్ట లాక్కుపోయి అంచులు వంకర తిరుగుతాయి. ముందు చిన్న ముక్క కుట్టి, ఉతికి, ఆరాక చేత్తో నలిపి చూడండి.