సున్నా నంబరు ఇంజను

పదకొండు దాటింది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి లైటు వైపు చూసి వెళ్లింది. పడుకుందామంటే చెవిలో ఆ కుయ్యిమనే మోత ఇంకా పోలేదు.

దీవాన్ కింద నుంచి బొమ్మ రైలు పట్టాలు బయటికొచ్చాయంటే మా చిన్నోడు సెలవులకు వచ్చాడని అర్థం. ఈసారి డిజిటల్ కంట్రోలర్ తెచ్చాడు. పట్టాల నిండా ఎప్పుడూ కరెంటు ఉంటుందట, ఏ ఇంజనుకు దాని నంబరుతో ఆర్డరు వెళ్తుందట. ఒకే పట్టా మీద ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. బాగానే ఉంది, కాదనను. మరి నా పాత నల్ల ఇంజను? దానికి నంబరూ లేదు, ఆర్డరు వినే చిప్పూ లేదు. 12 వోల్టుల దాకా నాబ్ ఎంత తిప్పితే అంత పరుగు. ప్లస్సు మైనస్సు మారిస్తే వెనక్కి. అంతే దాని చదువు.

కంట్రోలర్ అమ్మినాయన ఫోన్‌లో ధీమాగా చెప్పాడు, "పాతవీ నడుస్తాయి సార్, సున్నా నంబరు కొట్టండి" అని. కొట్టాం. నడిచింది. ఆపితేనే గోల. నిలబడ్డ చోటే దోమలా కుయ్యిమంటూ ఉంది. కాసేపటికి చెయ్యి పెడితే సురుక్కుమంది. ఆ పట్టాల్లో కరెంటు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ తిరుగుతుందట, పాత మోటారు ఎటూ పోలేక అక్కడే వణికి వేడెక్కుతుంది. ఈ ముక్క ముందే చెప్పొద్దా? పైగా చిన్నోడు "షోకేసులో పెట్టెయ్ డాడీ" అన్నాడు, ఫోన్ చూసుకుంటూ!

పాలమూరుకు చిన్న లైనే, అంటే పట్టాల మధ్య దూరం తక్కువుండే మీటరు గేజే, ఉన్న రోజులు గుర్తొచ్చాయి. సీతాఫలాల కాలంలో బండిలో గంపల మధ్య కాలు పెట్టే సందుండేది కాదు. పండిన గంప మీద చెయ్యి ఆనించానని ఒక అవ్వ షాద్‌నగర్ దాకా తిట్టింది, దిగేటప్పుడు రెండు పండ్లు చేతిలో పెట్టింది. సికింద్రాబాద్‌లో పెద్ద లైను బండి పక్కన మాది మేకపిల్లలా కనిపించింది. "మన బండి ఆ పట్టాల మీద పోదా నాయినా?" అన్నాను. శనక్కాయల మూట భుజం మార్చుకుంటూ, "మనది మూడడుగుల పైచిలుకు, అది అయిదున్నర. మన చక్రాలు నడుమ పడతయి బిడ్డా, నడువు" అన్నాడు. 90ల్లో మా లైనూ పెద్దదైంది. ఆ చిన్న డబ్బాలు ఏమయ్యాయో నేనూ అడగలేదు.

పంతానికి నల్లదానికీ చిప్పు పెడదామని మధ్యాహ్నం విప్పాను. మోటారుకు కరెంటు అందించే బ్రష్షు ఒకటి నేరుగా ఛాసిస్‌కే, అంటే ఇంజను లోహపు చట్రానికే తగిలి ఉంది. దాన్ని విడదీయకపోతే చిప్పు మాడిపోతుంది. మూసేశాను. అయినా దానికి చిప్పెందుకు? క్లాక్ టవర్ దగ్గర ఆరు కాళ్ల టాగిల్ స్విచ్చి కొన్నాను. అటు వేస్తే నాబ్ ఉన్న నా పాత పవర్ ప్యాక్, ఇటు వేస్తే వాడి కంట్రోలర్. రెండూ కలిసి పట్టాలకు తగిలే వీలే లేదు.

సాయంత్రం స్విచ్చి నా వైపు వేసి నాబ్ తిప్పాను. నల్లది కదిలింది. ఇంకాస్త తిప్పేసరికి వెనకాల మర్చిపోయి వదిలేసిన చిన్నోడి నీలం ఇంజను కూడా లైటు వెలిగించుకుని, ఒక్క ఉదుటున బయల్దేరింది! దాని చిప్పుకు పాత కరెంటూ అర్థమవుతుందట. వాడు ఫోన్ పక్కన పడేసి నేల మీద కూర్చున్నాడు. నాబ్ నా చేతిలోంచి లాక్కున్నాడు కూడా.

అమ్మినాయన మీద కోపం మాత్రం తగ్గలేదు. గదిలో కాలిన వాసన ఇంకా ఉంది. పొద్దున్నే కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి చూడాలి.