పీసీ గేమర్‌కి నచ్చే పాడ్‌కాస్ట్ ఎలా పట్టుకోవాలి

'గేమింగ్ పాడ్‌కాస్ట్' అని వెతికితే ముందు తగిలేవి ఎక్కువగా వార్తల షోలే. వాటిలో చాలా సేపు ప్లేస్టేషన్, నింటెండో లాంటి కన్సోల్ కబుర్లకే పోతుంది. అందుకే మీకు కొట్టిన పిండి అయిన గేమ్ పేరుతో ఎపిసోడ్లు వెతకండి. మాట్లాడేవాళ్లు నిజంగా ఆడారో, ట్రైలర్ చూసి చెబుతున్నారో పది నిమిషాల్లో తేలిపోతుంది. మోడ్స్ (ఆడేవాళ్లు గేమ్‌కి చేసుకునే మార్పులు), ప్యాచ్‌ల (తయారీదారులు వదిలే సవరణలు) ఊసే రాకపోతే వదిలేయండి.

స్ట్రాటజీ గేమ్స్ ఇష్టమైతే 2009లో మొదలైన 'త్రీ మూవ్స్ అహెడ్' పాత ఎపిసోడ్లు ఇప్పటికీ బంగారం. 'డిజైనర్ నోట్స్' ఇంకా లోతు: సివిలైజేషన్ 4 లీడ్ డిజైనర్ సోరెన్ జాన్సన్ తోటి డిజైనర్లను కూర్చోబెట్టి, ఏ గేమ్‌లో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో ఓపిగ్గా రాబడతాడు. ఇలాంటివి నాకు ప్రాణం.

అన్ని గేమ్స్ గురించీ మాట్లాడే షో అయితే, ఆండ్రాయిడ్‌లో యాంటెన్నాపాడ్ యాప్ వాడండి. ఆ షో సెట్టింగ్స్‌లో ఆటో డౌన్‌లోడ్‌కి ఫిల్టర్ ఉంటుంది. టైటిల్‌లో మీ పదం ఉన్న ఎపిసోడ్లే దిగుతాయి. కాకపోతే సివిలైజేషన్ 6ని ఒకరు 'సివ్ 6' అని, ఇంకొకరు రోమన్ అంకెతో పూర్తి పేరు రాస్తారు. రెండూ పెట్టకపోతే సగం ఎపిసోడ్లు జారిపోతాయి.