నాన్న సంతకం

నేను కాలిఫోర్నియాలో హైస్కూలు ముగించింది 2019లో. అప్పటికి నాన్న హెచ్-1బి పొడిగింపు తిరస్కరించి మూడేళ్లు. మేం వెనక్కి వెళ్లలేదు. "గ్రీన్ కార్డ్ ఎంతవరకు వచ్చింది వదినా?" అని ఎవరైనా అడిగితే, "నడుస్తోంది" అని అమ్మ కూర వడ్డించడంలో పడేది. చిన్నప్పుడు వచ్చి కాగితాలు లేనివాళ్లను పంపేయకుండా ఆపే డాకా కూడా కుదరదు. దానికి 2007 జూన్ 15 నుంచీ ఇక్కడే ఉండాలి, మేం వచ్చింది 2010లో.

అప్పట్లో స్టేట్ యూనివర్సిటీ ట్యూషన్ ఏడాదికి 5,742 డాలర్లు. కాగితాలు లేక బయటి రాష్ట్రం లెక్కలో పడితే దానిమీద యూనిట్‌కు (కోర్సు క్రెడిట్‌కు) 396. ఏడాదికి ముప్ఫై యూనిట్లంటే 11,880. పచారీ షాపు జీతంలో ఎక్కడినుంచి వస్తాయి?

స్కూల్లో కౌన్సెలర్ "ఫాఫ్సా నింపు" అంది. అది ఫెడరల్ సాయానికి దరఖాస్తు, ఆ డబ్బు మాలాంటివాళ్లకు రాదు. ఏబీ 540 గురించి చెప్పింది ఒక మెక్సికన్ సీనియర్. 2001 నాటి చట్టం. ఇక్కడ మూడేళ్లు హైస్కూల్లో చదివి పాసైతే, ఇమిగ్రేషన్ స్టేటస్ లేకపోయినా రాష్ట్రంవాళ్ల ఫీజే. తమాషా ఏంటంటే, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన మా కజిన్‌కు ఆ వీలు లేదు.

ఫీజు తగ్గినా కట్టాలి కదా. రాష్ట్రం ఇచ్చే సాయానికి డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు వేరే ఉంది, గడువు మార్చి 2. సోషల్ సెక్యూరిటీ నంబర్ గడి ఖాళీగా వదిలేశాను. ఆదాయం వివరాలతో పాటు తల్లిదండ్రుల్లో ఒకరు సంతకం చేయాలి. నాన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ప్రతి లైనూ రెండుసార్లు చదివారు.

"మన అడ్రస్ మనమే రాసిస్తున్నామా అమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. మార్చి 1 రాత్రి పదకొండున్నరకు, అమ్మ ఏమీ అనకుండానే, లేచి వచ్చి సంతకం చేశారు.

ఏబీ 540 అఫిడవిట్ నేనే కాలేజీకి ఇచ్చాను. అర్హత రాగానే స్టేటస్ కోసం దరఖాస్తు చేస్తానని అందులో హామీ రాయాలి. రానివ్వండి, ఆ రోజే చేస్తాను!

ఆగస్టు బిల్లులో మళ్లీ ఆ బయటి రాష్ట్రంవాళ్ల (నాన్-రెసిడెంట్) ఫీజు, ఒక సెమిస్టర్‌కు 5,940. కడుపులో దేవినట్టయింది. ఆఫీసుకు పరిగెత్తితే, హైస్కూలు చదువుకు రుజువుగా ఇవ్వాల్సిన ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ అందలేదన్నారు. మా స్కూలు పంపానంది. చివరికి సీల్ కవరు తీసుకుని నేనే వెళ్లి కౌంటర్లో ఇచ్చాను. రెండోవారానికి బిల్లులో ఆ లైను లేదు. నాన్న నా ఫోన్ తీసుకుని కిందికీ పైకీ జరుపుతూ వెతికారు, ఇంకెక్కడైనా ఉందేమోనని.