డెన్స్‌మోర్ ఒప్పుకోలేదు

1968లో బ్యూయిక్ కార్ల కంపెనీ డోర్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌కి 75,000 డాలర్లు ఇస్తామంది, 'లైట్ మై ఫైర్' పాటని యాడ్‌లో వాడుకోనిస్తే చాలంది. అంతకుముందు ఏడాదే ఆ పాట అమెరికాలో నంబర్ వన్. బ్యాండ్ గాయకుడు జిమ్ మోరిసన్ ఆ టైంలో ఊళ్లో లేడు, మిగతా ముగ్గురూ, అంటే రే మంజారెక్, రాబీ క్రీగర్, జాన్ డెన్స్‌మోర్ సరే అనేశారు. మోరిసన్ తిరిగొచ్చాక విషయం తెలిసి మండిపడ్డాడు, ఆ యాడ్ గనక వస్తే స్టేజీ మీదే బ్యూయిక్ కారుని పగలగొడతానన్నాడు. ఆ యాడ్ ఆగిపోయింది.

ఈ కథలో అందరూ మోరిసన్ కోపం గురించే చెప్తారు. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యం అనిపిస్తుంది. ఆ పాటలో ఎక్కువ భాగం రాసింది మోరిసన్ కాదు, క్రీగర్. మరి మోరిసన్ వద్దంటే ఎందుకు ఆగాలి? ఎందుకంటే ఆ నలుగురూ మొదట్లోనే ఒక మాట అనుకున్నారు: పాట ఎవరు రాసినా డబ్బు నలుగురికీ సమానంగా పంచుకోవాలి, ఏ నిర్ణయానికైనా నలుగురూ ఒప్పుకోవాలి, ఒక్కరు వద్దంటే వద్దు. (మంజారెక్, క్రీగర్, డెన్స్‌మోర్ కలిసింది లాస్ ఏంజెలిస్‌లో మహర్షి మహేశ్ యోగి ధ్యానం క్లాసుల్లో. మన దేశంతో ఆ బ్యాండ్‌కి ఆ మాత్రం చుట్టరికం ఉంది.)

ఇలాంటి ఒప్పందం లేకపోతే ఏమవుతుందో బీటిల్స్ విషయంలో చూశాం. 1987లో నైకీ 'రివల్యూషన్' పాటని బూట్ల యాడ్‌లో పెట్టింది. ఒక పాటలో రెండు హక్కులుంటాయి, రాసిన పాట మీద ఒకటి, రికార్డింగ్ మీద ఇంకొకటి. రికార్డింగ్ హక్కు రికార్డు కంపెనీ చేతిలో ఉంది, పాట హక్కు అప్పటికి మైకేల్ జాక్సన్ కొనేసుకున్నాడు. నైకీ రెండు చోట్లా అనుమతి తీసుకుంది. పాడిన లెనన్ 1980లోనే చనిపోయాడు, బతికున్న ముగ్గురి మాటకి ఆ కాగితాల్లో చోటే లేదు. వాళ్ల సంస్థ ఆపిల్ (కంప్యూటర్ల ఆపిల్ కాదు) కోటిన్నర డాలర్లకి దావా వేసింది, చివరికి కోర్టు బయటే రాజీ అయింది. ఈలోగా యాడ్ రావలసినదంతా వచ్చేసింది.

స్పాన్సర్‌షిప్‌ని నేను దీంతో ఒకే గాటన కట్టను. 1981లో రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌కి జోవన్ అనే సెంటు కంపెనీ స్పాన్సర్. అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు కానీ, టూర్ అయిపోయింది, బ్యానర్ దించేశారు, ఇప్పుడు ఆ సెంటు ఎవరికీ గుర్తులేదు. పాట అలా కాదు, ఒకసారి దానికి కారు అంటుకుందంటే తర్వాత ఎన్నేళ్లు విన్నా కారు కూడా వస్తుంది. నా బాధంతా అదే. ఎవరి ప్రేమకో ఎవరి చావుకో తోడున్న పాట వింటుంటే మధ్యలో షోరూం గుర్తొస్తే ఆ మనిషికి ఎంత నష్టం! ఆ నష్టానికి ఎవరూ డబ్బు కట్టరు.

ఇక అసలు పరీక్ష మోరిసన్ పోయాక వచ్చింది. 2002లో కాడిలాక్ కార్ల యాడ్‌లో లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ పాట వచ్చింది. డోర్స్‌కి కూడా కాడిలాక్ కోటిన్నర డాలర్లు ఇస్తానంది. మంజారెక్, క్రీగర్ సిద్ధంగా ఉన్నారు. డ్రమ్మర్ డెన్స్‌మోర్ ఒప్పుకోలేదు. 1971లో పారిస్‌లో 27 ఏళ్లకే చనిపోయిన స్నేహితుడు ఒకప్పుడు ఎంత గట్టిగా వద్దన్నాడో అతనికి గుర్తుంది. అంతకుముందు ఒకసారి ఇంగ్లండ్‌లో టైర్ల యాడ్‌కి ఒప్పుకుని, మనసొప్పక తన వాటా డబ్బు దానం చేసేశానని తనే రాశాడు. మిగతా ఇద్దరూ డోర్స్ పేరుతో కచేరీలు చేస్తుంటే దాని మీద కోర్టుకెళ్లి 2005లో గెలిచాడు కూడా. పాత స్నేహితుల మీద కేసు వేయడం ఎంత కష్టమో ఊహించండి, అభిమానుల్లో చాలామంది అతన్నే తిట్టారు.

అద్దె కట్టలేని కొత్త బ్యాండ్‌కి యాడ్ డబ్బు వస్తే తీసుకోమనే అంటాను నేను. వ్యాన్ డీజిల్‌కి, స్టూడియోకి, వాయించేవాళ్ల తిండికి డబ్బు కావాలి, రికార్డులు అమ్ముడయ్యే కాలం పోయింది. కానీ సంతకం పెట్టే ముందు ఆ డోర్స్ మాట ఒకటి కాగితం మీద రాసుకోండి, బ్యాండ్‌లో అందరూ, బాస్ వాయించేవాడితో సహా. డబ్బు లేనప్పుడే అది రాసుకోవడం తేలిక, కోట్లు ఎదురుగా పెట్టాక ఎవరూ రాసుకోరు.

2023లో ప్రైమరీ వేవ్ అనే, పాటల హక్కులు కొనే సంస్థ డోర్స్ పాటల్లో మంజారెక్, క్రీగర్ వాటాలు కొనేసింది. డెన్స్‌మోర్ తన వాటా అమ్మలేదు.