చెన్నైలో ఋతుచర్య: పంచాంగం ఒక దారి, వాన మరో దారి

శ్రావణ మాసం దగ్గరపడగానే ఆరోగ్యం గురించి రాసే పత్రికలూ, బంధువుల వాట్సాప్ బృందాలూ ఒకే మాట చెబుతాయి. వర్ష ఋతువు మొదలైంది, తిన్నది అరిగించే జఠరాగ్ని మందగిస్తుంది, పాత బియ్యం వండుకోండి, నీళ్ళు కాచి తాగండి, పగటి నిద్ర మానండి అని. గోదావరి జిల్లాల్లో ఉన్న మా వాళ్ళకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది. చెన్నైలో ఉన్న మాకు మాత్రం ఆ రోజుల్లో పగటి ఎండ చురుకుతగ్గక అలాగే ఉంటుంది. ఏదో ఒక సాయంత్రం ఉరుములతో ఒక జల్లు పడినా తెల్లవారేసరికి నేల ఆరిపోతుంది. ఇక్కడి అసలు వాన ఆశ్వయుజం వస్తే గాని రాదు. అప్పటికి పంచాంగం శరదృతువులోకి వెళ్ళిపోయి ఉంటుంది.

ఋతువును బట్టి ఆహార విహారాలు మార్చుకోమని ఆయుర్వేదం చెప్పిన ఋతుచర్య మీద నాకు గట్టి నమ్మకం ఉంది. కొన్నేళ్ళుగా మా ఇంటి వంటను దాని ప్రకారమే నడుపుకొంటున్నాను. అయితే దానిని నెలల పేర్లను బట్టి కాక, మనం కాపురం ఉంటున్న ఊరి ఎండావానలను బట్టి పాటించాలని నా అభిప్రాయం. ఈ మాట అనే ధైర్యం నాకు ఆ గ్రంథాల నుంచే వచ్చింది.

మాఘం మొదలుకొని రెండేసి నెలలకు ఒక ఋతువు చొప్పున వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం సూత్రస్థానం మూడవ అధ్యాయంలో లెక్క కట్టిన మాట నిజమే. కానీ చరక సంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయాన్ని నిదానంగా చదివితే, ఆహార నియమంతో పాటు ఆ నియమం ఎందుకో కూడా చరకాచార్యుడు చెప్పడం కనిపిస్తుంది. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉండడానికి కారణం చలిగాలి ఒంటికి తగిలి లోపలి వేడిమి బయటికి పోకుండా నిలిచిపోవడమేనని ఆయన అంటాడు. వర్ష ఋతువులో అగ్ని మందగించడానికి నేల నుంచి లేచే ఆవిరినీ, మబ్బుల నుంచి కురిసే నీటినీ, ఆ నీరు ఆమ్లంగా పరిణమించడాన్నీ కారణాలుగా చూపిస్తాడు. శరత్తులో, శరీరంలోని మూడు దోషాల్లో ఒకటైన పిత్తం రేగడానికి, వానకూ చల్లదనానికీ అలవాటు పడిన శరీరం మీద సూర్యకిరణాలు ఒక్కసారిగా పడడం కారణమని చెబుతాడు. ఆ కారణం లేని చోట దాని ఫలితాన్ని ఊహించుకొని తినడం శాస్త్రాన్ని పాటించినట్లు కాదు. చలిగాలి తగలని శరీరానికి హేమంతం పేరు చెప్పి మినప సున్నుండలూ, నేతి గారెలూ, కొత్త బియ్యపు అన్నమూ పెడితే, వాటిని అరిగించే అగ్ని ఎక్కడి నుంచి వస్తుంది?

మరో ఆయుర్వేద ఆచార్యుడు సుశ్రుతుడు ఈ విషయంలో మరింత స్పష్టంగా ఉన్నాడు. ఆయన ఒకే అధ్యాయంలో ఋతువులను రెండు రకాలుగా లెక్కించాడు. మొదట శిశిరంతో కలిపి ఆరు ఋతువులు చెప్పి, తరువాత వాత, పిత్త, కఫ దోషాలు ఎప్పుడు పోగవుతాయో, ఎప్పుడు రేగుతాయో చెప్పవలసిన చోట శిశిరాన్ని వదిలి, వర్షానికి ముందు ప్రావృట్టు అనే ఋతువును చేర్చాడు. ఈ తేడాకు వ్యాఖ్యాతలు కాశ్యపుని పేరున ఒక వివరణను ఉటంకిస్తారు: గంగకు దక్షిణాన వాన ఎక్కువ గనుక అక్కడ ప్రావృట్టు, వర్షం అని రెండు వాన ఋతువులు, ఉత్తరాన హిమవంతం వల్ల చలి ఎక్కువ గనుక అక్కడ హేమంతం, శిశిరం అని రెండు చలి ఋతువులు. నేలను బట్టి ఋతువుల పట్టికే మారవచ్చునని ఆ పెద్దలు ఏనాడో ఒప్పుకొన్నారు. గంగ దాకా వచ్చిన ఆ ఆలోచనను చెన్నైలో పారే కూవం నది దాకా తీసుకురావడం మన వంతు.

చెన్నైలో ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన కురిస్తే, అందులో దాదాపు 60 శాతం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల అవతల కురిసి ఇటువైపు చాలావరకు పొడిగాలిగా దిగుతాయి. అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య గాలులు బంగాళాఖాతం మీది తేమను మోసుకొచ్చినప్పుడు గాని ఈ ఊరు తడవదు. కార్తీక మాసంలో శరత్కాలపు వెన్నెల గురించి మా ఊరి వాళ్ళు మాట్లాడుకొంటున్నప్పుడు ఇక్కడ మబ్బు పట్టిన ఆకాశం, మోకాటి లోతు నీళ్ళు నిలిచిన వీధులు, ఆరని బట్టలు.

ఇక్కడి తమిళ ఇళ్ళలో దీపావళికి చేసే లేహ్యాన్ని చూసినప్పుడు ఈ సంగతి నాకు పూర్తిగా అర్థమయింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, మోడి (పిప్పలి వేరు), వాము, ధనియాలు, జీలకర్ర నానబెట్టి నూరి, బెల్లపు పాకంలో ఉడికించి, నెయ్యీ నువ్వుల నూనే పోస్తూ దగ్గరపడే దాకా కలియబెడతారు. తెల్లవారుజామున తలంటి పోసుకొని, ఇంకేమీ తినకముందు ఉసిరికాయంత నోట్లో వేసుకొంటారు. పక్కింటి మామిని అడిగితే, పండుగ పిండివంటలు అరగడానికి అన్నారు. అది నిజమే, కానీ నాకు తోచిన మరో కారణం కూడా ఉంది. పుస్తకంలోని శరదృతువుకు చేదు, తీపి, వగరు రుచులే గాని కారం పనికిరాదు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు అనే త్రికటువు నిండిన ఈ లేహ్యం ఆ నియమానికి పూర్తిగా విరుద్ధం. అదే దీపావళిని వాన ఋతువు నడిమి పండుగగా చూస్తే, మందగించిన అగ్నిని లేపడానికి ఇంతకంటే తగిన మందు దొరకదు. ఈ నేల మీద తరతరాలుగా వండిన ఆడవాళ్ళు మాసం పేరును పక్కన పెట్టి, బయట కురుస్తున్న వానకు మందు వేశారు. ఆ వంటిళ్ళ మీద నాకు ఎంతో గౌరవం. ఇప్పుడు మా ఇంట్లోనూ ఆ లేహ్యం చేస్తున్నాను; దినుసులన్నీ మైలాపూరులోని నాట్టు మరుందు కడలో (నాటు మందుల దుకాణంలో) ఒకే చోట దొరుకుతాయి.

కాబట్టి మా ఇంట్లో వర్షర్తుచర్య అక్టోబరు చివర మొదలవుతుంది. ఏడాది దాటిన బియ్యం, పెసర కట్టు, మిరియాల చారు, శొంఠి వేసి కాచిన నీళ్ళు అప్పటి మా ఆహారం. గాలీ వానా ఎక్కువగా ఉన్న చల్లని రోజున పులుపు, ఉప్పు, చమురు స్పష్టంగా తెలిసేలా తినమని చరకుడు చెప్పాడు గనుక ఆ రోజుల్లో నెయ్యికి వెనుకాడను. ఆహారంలో కొద్దిగా తేనె చేర్చమని కూడా ఉంది. దానిని వేడి చేయకూడదు. ఆకుకూరలు బురదతో, పురుగుతో వస్తాయి గనుక తగ్గిస్తాను. వర్ష ఋతువులో నదినీరు తాగవద్దని పూర్వులు అన్న మాట, మురుగు కాలువలు పొంగి మంచినీటిలో కలిసే మన నగరానికి మరింత వర్తిస్తుంది. డబ్బా నీళ్ళయినా సరే, మరిగించాకే తాగుతాం.

ఇక గ్రీష్మం. చెన్నైలో అన్నిటికంటే పొడవైన ఋతువు ఇదే. మార్చి చివర మొదలై జూన్ దాటే దాకా కదలదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అనే రోజులకూ, తమిళులు అగ్ని నక్షత్రం అని జాగ్రత్తపడే మే నెల రోజులకూ పెద్ద దూరం లేదు. 2003 మే 31న ఈ ఊళ్ళో 45 డిగ్రీలు నమోదయింది. మధ్యాహ్నం సముద్రపు గాలి వేళకు లోపలికి వస్తే కాస్త ఊరట. ఆలస్యమైతే ఇల్లు కొలిమి. ఈ కాలానికి తీయనివి, చల్లనివి, పలుచనివి, కొద్దిగా చమురుగలవి తినమనీ, ఉప్పు, పులుపు, కారం, వేడి వస్తువులు మానమనీ గ్రంథాలు ఏకకంఠంతో చెబుతున్నాయి. ముంజెలు, కొబ్బరి బొండాలు, సుగంధిపాల షర్బత్తు, వట్టివేళ్ళు వేసిన కుండనీళ్ళు, శ్రీరామనవమి నాటి పానకం, వడపప్పు అన్నీ ఆ నియమంలో చక్కగా ఇముడుతాయి. పగటి నిద్రకు అనుమతి ఉన్న ఒకే ఒక్క ఋతువు కూడా ఇదే.

ఇక్కడే తెలుగువాళ్ళకు ఒక చిక్కు ఉంది. ఉప్పు, పులుపు, కారం, వేడి అని మానమన్న నాలుగూ కలిసినదే ఆవకాయ. మనం దానిని పెట్టేదీ, కొత్తావకాయ అంటూ వేడి అన్నంలో ఇష్టంగా కలుపుకొనేదీ సరిగ్గా మే నెలలోనే. కాయ దొరికేది అప్పుడే గనుక పెట్టక తప్పదు, తినడమైనా వాయిదా వేయవచ్చు. మా జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టేస్తాను. ఈశాన్య వానలు మొదలయ్యాక, పులుపూ ఉప్పూ చమురూ శాస్త్రమే కోరే రోజుల్లో తీస్తే, బాగా ఊరి ఉంటుంది, ఒంటికీ పడుతుంది. మా అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆవిడే దీపావళి దాకా మూత తీయనివ్వరు.

పెరుగు సంగతి ఇంకా సున్నితమైనది. శరత్తు, గ్రీష్మం, వసంతం, ఈ మూడింటిలో పెరుగు సాధారణంగా తగదనీ, రాత్రి పూట పెరుగు అసలే తినకూడదనీ చరకుడు అన్నాడు. మజ్జిగ కూడా వేడి కాలంలో ఇవ్వరాదని సుశ్రుతుడు అంటాడు. ఎండాకాలంలో పెరుగన్నమే ప్రాణంగా బతికే ఊళ్ళో ఈ మాటలు చెబితే ఎవరూ వినరు. నేనూ పూర్తిగా మానలేదు. సుశ్రుతుడు లక్షణం చెప్పిన తక్రం (మజ్జిగ) సగం నీళ్ళు పోసి చిలికి వెన్న తీసినది. మనం వేసవిలో తాగేది అంతకంటే ఎన్నో రెట్లు పలుచన. పొద్దున తోడుకొన్న, పులియని పెరుగును ఎక్కువ నీళ్ళతో చిలికి, కరివేపాకు వేసి మధ్యాహ్నం పూట తాగుతాం. పచ్చిమిర్చి వేయం. రాత్రి భోజనంలో పెరుగు మానేశాం. ఇది గ్రంథానికీ అలవాటుకూ మధ్య నేను కుదుర్చుకొన్న సర్దుబాటు అని స్పష్టంగా చెప్పడం మంచిది.

ఆగస్టు, సెప్టెంబరు నెలలకు పుస్తకంలో సరైన పేరు లేదు. సాయంత్రపు జల్లు, మర్నాడు మళ్ళీ మండే ఎండ; తడిసిన ఒంటి మీద హఠాత్తుగా సూర్యకిరణాలు అని చరకుడు శరత్తుకు చెప్పిన లక్షణం నాకు ఇక్కడ ఈ రెండు నెలల్లోనే కనిపిస్తుంది. ఛాతీలో మంట, ఒంటి మీద దద్దుర్లు మా ఇంట్లో ఎక్కువగా అప్పుడే వస్తాయి. కాకరకాయ, పొట్లకాయ, పెసలు, నెయ్యి ఎక్కువగా వాడుకొని, వేపుళ్ళను ఆపేస్తాను.

శరీర శోధన విషయంలో మాత్రం నేను చాలా జాగ్రత్తగా మాట్లాడతాను. మలయాళ పంచాంగపు కర్కాటక మాసంలో (జూలై, ఆగస్టు) కేరళలో చేసే వర్షకాల చికిత్సను అదే తేదీలకు చెన్నైలో అమ్మే కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ జోరువాన, ఇక్కడ ముప్పై అయిదు డిగ్రీల ఎండ. వసంతంలో వమనం (వాంతి చేయించడం), వర్షంలో వస్తి (మలద్వారం ద్వారా మందు ఎక్కించడం), శరత్తులో విరేచనం అన్న విధులు దోషం రేగే వేళను బట్టి ఏర్పడినవి. వాటిని రోగిని పరీక్షించిన వైద్యుడే నిర్ణయించాలి, ఇంట్లో ఎవరూ చేసుకోకూడదు. 1905లోనే మైలాపూరులో వేంకటరమణ ఆయుర్వేద వైద్యశాల వెలసిన ఊరు ఇది. చదువుకొన్న వైద్యులకు కొరత లేదు. పాశ్చాత్య వైద్యం చదివి ఆ తరువాత ఆయుర్వేదం వైపు వచ్చిన ఆచంట లక్ష్మీపతి గారు పనిచేసినదీ ఈ నగరంలోనే. మధుమేహం ఉన్నవారు పానకాన్నీ లేహ్యాన్నీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొబ్బరి నీళ్ళనూ తమ డాక్టరును అడగకుండా తీసుకోకూడదు.

ఋతువు మారేటప్పుడు ఆహారాన్ని ఒక్కరోజులో మార్చవద్దని వాగ్భటుడు హెచ్చరించాడు. పోయే ఋతువు చివరి వారమూ, వచ్చే ఋతువు మొదటి వారమూ కలిపి ఋతుసంధి. ఆ పద్నాలుగు రోజుల్లో పాతదాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ కొత్తదాన్ని కొంచెం కొంచెంగా అందుకోవాలి. హఠాత్తుగా మానినా, హఠాత్తుగా మొదలుపెట్టినా రోగాలు వస్తాయి. వాన రాకను వాతావరణ శాఖ ముందుగానే సూచిస్తుంది గనుక, అక్టోబరులో ఆ సూచన వినగానే కొబ్బరి నీళ్ళు తగ్గించి కాచిన నీళ్ళు పెంచడం మొదలుపెడతాను.

సంక్రాంతికి ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. హేమంతానికి చెప్పిన బరువైన భోజనానికి అది చాలదు గనుక, కొత్త బియ్యాన్ని పెసరపప్పు, మిరియాలు, అల్లం, జీలకర్రతో పొంగలిగా వండి, పండుగ మూడు రోజులతోనే ఆపుతాం. జనవరి చివర వానల తేమ వల్ల పేరుకొన్న కఫం ఎండ పొడకు కరగడం మొదలై జలుబూ దగ్గూ కనిపిస్తాయి. పంచాంగంలో వసంతం ఇంకా రాకపోయినా, వసంతర్తుచర్య పాటించవలసింది అప్పుడే. త్వరలోనే ఎండ ముదురుతుంది గనుక ఆ వ్యవధి కొద్ది వారాలే. తీపినీ నూనెనూ తగ్గించి, ఉదయం గోరువెచ్చని నీళ్ళలో తేనె కలుపుకొని, చేదు కోసం ఉగాది దాకా ఆగకుండా, కిందటి వేసవిలో ఎండబెట్టి దాచిన వేపపువ్వును నేతిలో వేయించి చారులో వేస్తాను.