పదకొండు నెలల తేడా: మా అబ్బాయి విషయంలో నా అనుభవం

బడిలో చేర్చుకోవడానికి పెట్టిన వయసు గడువుకు మూడు రోజుల ముందు మా అబ్బాయి పుట్టాడు. ఏడాది కలిసొచ్చిందని అప్పట్లో సంబరపడ్డాం. తరగతిలో అందరికన్నా చిన్నవాడు అవుతాడన్న ఆలోచనే మాకు రాలేదు.

ఒకటో తరగతి సగం గడిచాక టీచరుగారు పిలిపించి, వాడు కుదురుగా కూర్చోవడం లేదని, చెప్పిన పని మధ్యలోనే వదిలేస్తున్నాడని, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందేమో ఒకసారి డాక్టరుకు చూపించమని చెప్పారు. ఆ రాత్రి వాడి నోటుపుస్తకం తిరగేశాను. పెన్సిలును పిడికిట్లో పట్టుకుని నొక్కి రాయడం వల్ల ప్రతి అక్షరమూ కాగితం వెనుక బుడిపెలా తేలింది. రెండు వరసల తరువాత రాత ఆగిపోయింది.

డాక్టరుగారు ముందుగా పుట్టిన తేదీ అడిగారు. ఆ తరువాత, "తరగతిలో అందరికన్నా పెద్దవాడికి ఎంత వయసు?" అన్నారు. మాకు తెలియదు. మరునాడు టీచరుగారినే అడిగితే రిజిస్టరు చూసి, పదకొండు నెలలు పెద్ద అని చెప్పారు. ఆరేళ్లవాడికి పదకొండు నెలలంటే బతికిన కాలంలో ఇంచుమించు ఆరో వంతు.

అమెరికాలో సెప్టెంబరు 1 గడువుగా ఉన్న రాష్ట్రాల పిల్లలపై 2018లో వెలువడిన అధ్యయనం గురించి కూడా డాక్టరుగారే చెప్పారు. తరగతిలో చిన్నవాళ్లైన ఆగస్టు పిల్లల్లో ప్రతి 10,000 మందికి 85 మందికి ఏడీహెచ్‌డీ ఉన్నట్లు నిర్ధారించగా, పెద్దవాళ్లైన సెప్టెంబరు పిల్లల్లో ఆ సంఖ్య 64. అంతమాత్రాన మా వాడికి సమస్య లేదని ఆయన తేల్చేయలేదు. ఇంట్లో మేము, బడిలో టీచరుగారు నింపవలసిన ప్రశ్నపత్రాలు ఇచ్చి, వాడి వయసు పిల్లలతోనే పోల్చి నింపమని, ఆరు నెలల తరువాత మళ్లీ నింపుదామని చెప్పారు.

ఈలోగా బడివారు అదే తరగతి మళ్లీ చదివించమన్నారు. మూడు వారాలు తేల్చుకోలేకపోయాం. నార్వేలో 18 ఏళ్ల యువకుల తెలివితేటల పరీక్షల ఆధారంగా చేసిన 2011 నాటి అధ్యయనంలో, ఆలస్యంగా బడిలో చేరడం వల్ల లాభమేమీ కనిపించలేదని చదివాను. అయినా మమ్మల్ని నిజంగా ఆపింది వాడి స్నేహితులే. పైతరగతికే పంపాం. అయితే చదవడంలో వెనకబడినవారి బృందంలో వాడిని ఏడాదంతా ఉంచేయవద్దని, ప్రతి పరీక్ష తరువాత మళ్లీ చూడమని గట్టిగా కోరాం. ఒకసారి అడుగున చేరిన పిల్లవాడికి తేలిక పాఠాలే అందుతాయి, వాటితోనే వయసు తేడా కాస్తా చదువు తేడాగా మారుతుంది. నాకు అన్నిటికన్నా భయం వేసింది దీని గురించే.

ఆరు నెలల తరువాత రెండో ప్రశ్నపత్రం వచ్చింది. కుదురుగా కూర్చోలేకపోతున్నాడా అన్న ప్రశ్నకు మొదటిసారి "ఎప్పుడూ" అని ఉన్నచోట ఈసారి "అప్పుడప్పుడు" అని ఉంది. దాని పక్కనే, ఎవరూ అడగకుండానే, వాడి వయసును ఏళ్లతోపాటు నెలల్లో కూడా టీచరుగారు రాసి పెట్టారు.