జంపన్న వాగులో నల్లరెక్కల తూనీగ

వానలు తగ్గి జంపన్న వాగు తేటపడే రోజుల్లో తాడ్వాయి అడవి పక్కన రాళ్ల మీద ఒక సన్నటి తూనీగ వాలి ఉండేది. ఒళ్లు ఇటుక ఎరుపు, మీద నల్లటి చారలు. రెక్కల నడిమి భాగమంతా ముదురు నలుపు, మొదలూ కొసా మాత్రం తేట. అక్కడే రెక్కలకు ఏ రంగూ లేని లేత గోధుమ రంగు తూనీగ కూడా తిరిగేది. రెండూ ఒకే జాతివా?

ఇవి సూది తూనీగలని తేలడం సులువే. వాలినప్పుడు రెక్కలు మడిచి వీపు మీద పెట్టుకుంటాయి. కళ్లు తలకు చెరో పక్కన దూరంగా ఉంటాయి. అసలు చిక్కు కుటుంబం దగ్గర వచ్చింది. పాత పుస్తకాలు ప్రోటోన్యూరిడే అంటాయి, కొత్తవి ప్లాటిక్‌నెమిడిడే అంటాయి. రెక్కల ఈనెలను బట్టి చేసిన పాత విభజనను జన్యు పరిశోధన మార్చిందని హనుమకొండలో జంతుశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకుడు వివరించారు. ఎర్రటిది డిస్పారోన్యూరా క్వాడ్రిమాక్యులేటా మగదని ఆయనే చెప్పారు. 1842లో ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త రాంబూర్ వర్ణించిన ఈ జాతి మన దేశంలో తప్ప మరెక్కడా లేదు.

"ఆడదానికి నల్ల పట్టీ ఉండదు. ఒంటరిగా చూసి పేరు రాసుకోకండి, జంట కట్టేదాకా ఆగండి" అన్నారు.

ఆగాను. ఒక ఎండ పూట ఎర్రటిది తన తోక చివరి కొక్కేలతో లేత రంగుదాని మెడ వెనుక పట్టుకుని రెల్లు కాడ మీద వాలింది. నా ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. మనకు తోకలా కనబడేది నిజానికి ఖండాలుగా ఉన్న పొట్టే. మగది ముందుగానే అందులో తొమ్మిదో ఖండం నుంచి వీర్యాన్ని పొట్ట మొదట్లోని రెండో ఖండానికి చేర్చుకుంటుంది. ఆడది తోక వంచి అక్కడినుంచి అందుకుంటుంది. ఆ తర్వాత కూడా మగది పట్టు వదలలేదు. నీళ్లలో సగం మునిగిన కాడకు ఇద్దరూ చేరారు. ఆడది తోకను వంచి కాడలోకి గుచ్చి, క్షణం నిలిచి, కాస్త జరిగి మళ్లీ గుచ్చింది. గుడ్లు మొక్క కణజాలం లోపలే ఉంటాయి. అందుకే ఒడ్డున మొక్కలు పీకేసి, ఇసుక తవ్వే ట్రాక్టర్లు దిగే చోట్ల ఈ తూనీగ నాకు కనబడలేదు.

గుడ్డు నుంచి వచ్చే పిల్ల, అంటే డింభకం, నీటిలోనే పెరుగుతుంది, తోక చివరి మూడు మొప్పలతో శ్వాసిస్తుంది, కింది పెదవిని చాచి చిన్న పురుగులను పట్టి తింటుంది. అది విడిచే పొట్టు కోసం ఇప్పుడు ఆ రెల్లు కాడలనే వెతుకుతున్నాను.